ఓటమిని ఓర్చుకోవడమూ నాయకత్వమే!

దేశంలో అత్యున్నత పదవికి పోటీ. సొంత పార్టీయే నిలబెట్టిన అభ్యర్థి. నామినేషన్ పత్రంపై ప్రధాని ఇందిరాగాంధీ సంతకం కూడా ఉంది. తీరా ఓట్లేసే వేళకు 'అంతరాత్మ ప్రబోధం' మేరకు ఓటేయమన్నారు ఆ ప్రధానే. అంతే... ఫలితం తారుమారైంది!

1969లో ఆ దెబ్బ తిన్నది నీలం సంజీవరెడ్డి. 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారాయన. ఆ ఊరు ఇప్పుడు గార్లదిన్నె మండలంలో ఉంది. రెండో ప్రాధాన్య ఓట్లూ లెక్కించాక వి.వి.గిరికి వచ్చిన ఓట్ల విలువ 4,20,077. సంజీవరెడ్డికి 4,05,427. ఈ పోటీ కోసమే లోక్‌సభ స్పీకర్ పదవినీ వదులుకున్నారాయన. అదీ పోయింది, ఇదీ దక్కలేదు.

అలాంటప్పుడు ఎవరికైనా కడుపు మండుతుంది. ఆయన మాత్రం అనంతపురం వచ్చేసి వ్యవసాయం చూసుకున్నారు. వాన మొహం చాటేస్తే పంట పోవడం, మళ్లీ తొలకరికి విత్తనాలు సిద్ధం చేసుకోవడం ఈ నేలమీద రైతుకు అలవాటే. 1975లో జయప్రకాశ్ నారాయణ్ వెంట మళ్లీ వేదికెక్కారు. 1977 ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల... జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి! అదే ఏడాది రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకు గురయ్యాయి. అలా పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1980 జనవరి 14న ఇందిరాగాంధీ చేత ప్రధానిగా ప్రమాణం చేయించిందీ ఆయనే. పాత గాయం ఆ బాధ్యతకు అడ్డు రాలేదు.

మనసును అదుపులో పెట్టుకునే ఈ నేర్పునే మానసిక శాస్త్రవేత్తలు 'ఎమోషనల్ ఇంటెలిజెన్స్' అంటున్నారు. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ దీన్ని సిద్ధాంతీకరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన పుస్తకంతో ఇది ఇంటింటి మాటైంది. నాయకుడికి తెలివితేటలు, నైపుణ్యం ఎలాగూ ఉండాలి. వాటికి తోడు తన కోపతాపాలు తనకు తెలియాలి, వాటికి పగ్గం వేయగలగాలి, ఎదుటివారి మనసూ అర్థం కావాలి అంటాడు గోల్‌మన్.

ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం. సంజీవరెడ్డి జీవితమే అందుకు సాక్ష్యం. 1953లో ప్రకాశం పంతులు దగ్గర, 1955లో బెజవాడ గోపాలరెడ్డి దగ్గర ఉపముఖ్యమంత్రిగా పనిచేశారాయన. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యాక, పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం తెలంగాణకు దక్కాల్సిన అదే పదవిని 'ఆరో వేలు' అంటూ పక్కన పెట్టేశారు. నోరు జారిన ఆ ఒక్క మాట తెలంగాణలో దశాబ్దాలపాటు ముల్లులా గుచ్చుకుంటూనే ఉండిపోయింది.

తనకు తగిలిన గాయాన్ని దిగమింగుకోవడం సగం పాఠమే. తన మాట ఎదుటివారికి ఎక్కడ తగులుతుందో గ్రహించడం రెండో సగం.

దీనికి రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లక్కర్లేదు. ఆఫీసులో పదిమందిపై అధికారి, బడిలో హెడ్మాస్టరు, డ్వాక్రా గ్రూపు లీడరు, ఇంట్లో పెద్దకోడలు... అందరికీ వర్తించేదే. పొరపాటు చేసిన కుర్రాణ్ని నలుగురిలో కడిగేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. పక్కకు పిలిచి 'ఏమైందిరా?' అని అడగండి. పనీ చక్కబడుతుంది, మనిషీ మీకు దక్కుతాడు!