బాగ్దాద్ గల్లీల్లో మా అబ్బాయి

ఇరవై ఏళ్లుగా ఖబర్ల డెస్క్ మీద కూర్చుంటున్న నాకు బాగ్దాద్ అంటే ఒక డేట్‌లైన్. 2003లో అమెరికా ఫౌజు దిగినప్పటి నుంచీ ఆ షహర్ పేరుతో నేను పెట్టిన హెడ్డింగులన్నీ పేలుళ్లు, జనాజాలే. పద్నాలుగేళ్ల మా అబ్బాయికి మాత్రం అదొక మొహల్లా. ఏ గల్లీ ఎటు తిరుగుతుందో, బజారు ఎక్కడుందో వాడికి బాగా తెలుసు. వాడికి ఆ షహర్‌ని చూపించింది 'అసాసిన్స్ క్రీడ్ మిరాజ్' అనే వీడియో గేమ్.

ఈ సిల్సిలా 2007లో మొదలైంది. మొదటి ఆట 1191 నాటి సలీబీ జంగుల జమానాది. దమిష్క్, అక్కా, బైతుల్ ముఖద్దస్ గల్లీల్లో గుంపులో కలిసిపోవడం, గోడలెక్కడం, చాటుగా దెబ్బతీయడం... అదే దాని హునర్. తర్వాత ఇటలీ, అమెరికా, పారిస్, లండన్ తిరిగింది. ఏటా ఒకటి వస్తూ వస్తూ మజా పోయింది. 2016లో పెద్ద ఆట ఏదీ తేకుండా ఆగారు. 2017లో ఈజిప్టు ఎడారితో వచ్చిన 'ఆరిజిన్స్' దాని సూరత్ మార్చేసింది. 2018లో గ్రీసు, 2020లో వైకింగుల ఇంగ్లండు. మైదానాలు పెరిగాయి, ఆట పూర్తి కావడానికి పదుల గంటలు కావాల్సి వచ్చింది.

2023లో మళ్లీ మారింది. ఈసారి చిన్నదై మారింది. 'వల్హల్లా'కి అదనపు భాగంగా అనుకున్నది విడి ఆటై, ఒక్క షహర్ చుట్టూ అల్లుకుంది. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్, ఖలీఫా మన్సూర్ కట్టించిన గుండ్రటి నగరం, బైతుల్ హిక్మా. హీరో బాసిం. కావాలంటే పాత్రలన్నీ అరబ్బీలోనే మాట్లాడతాయి. మావాడు అలాగే పెట్టుకున్నాడు.

"అబ్బా, వీళ్లు కితాబ్ అంటున్నారు, వఖ్త్ అంటున్నారు. ఇవి మనవే కదా?"

"మనవాళ్లు అక్కడి నుంచి తెచ్చుకున్నవి బేటా."

అల్జీబ్రా అనే పేరు అల్ ఖ్వారిజ్మీ కితాబులోని 'అల్ జబ్ర్' నుంచే వచ్చిందని చెబితే, లెక్కల పుస్తకాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఒకరోజు ఆటలో అజాన్ వినిపించింది. మా అమ్మీ అలవాటుగా కొంగు తలమీదకు లాక్కుంది. కాసేపటికే బాసిం ఒకడి గొంతులో ఖంజర్ దింపాడు.

"అజాన్ వినబడే షహర్‌లో ఈ ఖత్ల్ ఏంట్రా?" అంది.

"వాడు జాలిం, దాదీ!"

అమ్మీ సవాల్ చిన్నదేం కాదు. అసలు 'అసాసిన్' అనే మాటే నిజారీ ఇస్మాయిలీలకు దుష్మన్లు పెట్టిన తిట్టు నుంచి పుట్టింది. ఆ తిట్టు మీదే ఇంత పెద్ద తిజారత్ నిలబడింది. అయినా ఒక ఫరఖ్ ఉంది. అరబ్బీ మాట్లాడేవాళ్లను కాల్చడానికి మాత్రమే నిలబెట్టిన యుద్ధం ఆటలు చాలా చూశాను. ఇందులో వాళ్లు బేరాలాడతారు, నవ్వుతారు, చదువుకుంటారు. ఖంజర్ పట్టినవాడూ వాళ్లలో ఒకడే.

1258లో హులాగూ ఆ షహర్‌ని ఏం చేశాడో వాడే వెతికి చదివాడు. "ఆ కితాబులన్నీ పోయాయా అబ్బా?" అని అడిగి, మా అల్మారా వైపు చూశాడు. అందులో నా ఉర్దూ పుస్తకాలున్నాయి. వాడు ఖుర్ఆన్ నాజ్‌రా పూర్తి చేశాడు కానీ ఉర్దూ చదవలేడు.

ఉర్దూకి పే, చే, గాఫ్ లాంటి కొన్ని హరూఫ్‌లే అదనం. మగ్రిబ్ తర్వాత రోజూ అరగంట కూర్చుంటున్నాం. ఆట ఆ తర్వాతే.