పెద్ద డిస్క్‌లో పాత హద్దులు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను కంప్యూటర్లతో పనిపడేవాళ్లంతా సీటీసీ అనే అంటారు. నేను వెళ్లిన రిపేరు షాపు అందులో ఓ పై అంతస్తులో, వరండా చివర ఉంది. ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు పక్కకు ఒరగాల్సినంత జాగా. గోడ పొడుగునా ఒక బల్ల, దాని మీద మూతలు తీసిన సీపీయూలు రెండు, మార్కరుతో పేర్లు రాసిన పెన్‌డ్రైవులు, సాటా కేబుళ్ల చిక్కు. బల్ల కింద పెద్ద యూపీఎస్. దాని మీద ఏమీ పెట్టనివ్వరు, కాలు కూడా తగలనివ్వరు. కారణం తరవాత తెలిసింది.

షాపు యజమాని అసెంబుల్డ్ పీసీల కాలం నుంచి ఇదే పనిలో ఉన్నారు. డేటా కాపాడే పని దగ్గరుండి చూడాలని ఉందంటే, "పొద్దుగాల్నే రాండ్రి సార్, ఒక ప్రెస్ వాళ్ల సిస్టమ్ ఉంది, అది చూడాల్సిందే" అన్నారు.

ఆ సిస్టమ్ నల్లకుంట వైపు ఓ చిన్న ప్రెస్‌లో డీటీపీ చేసే ఆమెది. ఆమె కూడా అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది. విండోస్ 7, పేజ్‌మేకర్ 7, అను స్క్రిప్ట్ మేనేజర్. తెలుగు పుస్తకాలతో సంబంధం ఉన్నవాళ్లకు ఈ మూడు పేర్లు చాలు, మిగతా కథ అర్థమైపోతుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తరవాత అడోబీ దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు. అను ఫాంట్లలో కొట్టిన పాత మేటర్ యూనికోడ్ కాదు. ఫైల్లో ఉండేది వేరే గుర్తులు, ఆ ఫాంటు పైన ఉంటేనే అది తెలుగై కనిపిస్తుంది. ఫాంటు లేని చోట తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల కుప్ప. అందుకే "కొత్త కంప్యూటర్ కొనుక్కో" అనే సలహా ఆమెకు పనికిరాదు. ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్, సెట్టింగులు, టెంప్లేట్లు, రచయితలు మళ్లీ ముద్రణకు అడిగే పాత పుస్తకాలు, అన్నీ ఉన్నది ఉన్నట్టుగా కావాలి. అంటే ఫైళ్లు కాపీ చేస్తే చాలదు, డిస్క్ మొత్తం తరలాలి.

పాతది 320 జీబీ హార్డ్‌డిస్క్. షాపు కుర్రాడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూసిందేమిటో చెప్పాడు. పసుపు రంగులో హెచ్చరిక, కరెంట్ పెండింగ్ సెక్టార్ల వరుసలో సున్నా ఉండాల్సిన చోట అంకె. అంటే డిస్క్ చదవడానికి తడబడుతున్న చోట్లున్నాయి. ఇలాంటప్పుడు యజమాని నేరుగా కాపీకి దిగరు. ముందు లినక్స్‌లో డీడీరెస్క్యూ పెట్టి, తేలిగ్గా వచ్చేదంతా తెచ్చుకుని, మొండికేసే సెక్టార్లను చివర్లో మళ్లీ మళ్లీ అడుగుతారు. ఎక్కడిదాకా వచ్చిందో ఆ ప్రోగ్రాం ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటూ పోతుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆమె అదృష్టం, అన్నీ వచ్చాయి. అలా అదే సైజు డిస్క్ మీదికి వచ్చిన నకలు నుంచి క్లోన్‌జిల్లాతో ఇమేజ్ తీసి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో దాచారు. తైవాన్‌లోని జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రంలో పుట్టిన ఉచిత ప్రోగ్రాం అది. వాడిన బ్లాకులను మాత్రమే తీసుకుంటుంది, ఖాళీని మోయదు. ఆ ఇమేజ్‌ను కొత్త 1 టీబీ ఎస్‌ఎస్‌డీ మీదికి రీస్టోర్ చేసిన దగ్గర నేను చేరాను.

మానిటర్ మీద విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ కనిపిస్తోంది. సి, డి, ఈ. మూడూ ఉన్నాయి. వాటి తరవాత పొడవాటి నల్లపట్టీ, 633 జీబీ, అన్‌ఎలోకేటెడ్.

"అక్కా, డేటా మొత్తం వచ్చింది. జాగా మాత్రం ఇంక రాలే" అన్నారు యజమాని.

"గదేంది అన్నా? ఒక టీబీది పెట్టినవ్ గదా?"

"పెట్టిన. పొలం పక్క జాగా కొన్నవ్, కానీ పహాణీల పాత ఎకరాలే ఉన్నయ్. గిప్పుడు పహాణీ మార్వాలె."

ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను. డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్ 512 బైట్లు. పాత పద్ధతి డిస్క్‌లో దీన్నే ఎంబీఆర్ అంటారు. అందులో మొదటి 446 బైట్లు బూట్ కోడ్‌కు. తరవాత ఒక్కోటి 16 బైట్ల చొప్పున నాలుగంటే నాలుగే ఎంట్రీలు. ప్రతి ఎంట్రీలో ముఖ్యమైనవి రెండు: పార్టిషన్ ఏ సెక్టార్‌లో మొదలవుతుంది, ఎన్ని సెక్టార్ల పొడవు. ఆ పట్టికా ఇమేజ్‌తో పాటే వచ్చింది కాబట్టి కొత్త డిస్క్‌కు కూడా పాత కొలతలే తెలుసు. 320 జీబీ డిస్క్ విండోస్ లెక్కలో 298, 1 టీబీ డిస్క్ 931. కంపెనీ వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది. ఆ 931కీ 298కీ ఉన్న తేడాయే మానిటర్ మీది నల్లపట్టీ.

ఎర్రగా నిండిపోయింది సి. 60 జీబీలో మిగిలింది రెండో మూడో జీబీలు. ఖాళీ జాగా ఉన్నది అన్నిటికీ చివర. సి మీద రైట్ క్లిక్ కొడితే "ఎక్స్‌టెండ్ వాల్యూమ్" బూడిద రంగులో ఉంది, నొక్కితే కదలదు. విండోస్‌లో పార్టిషన్ కుడివైపుకే పెరుగుతుంది, అదీ తన పక్కనే ఖాళీ ఉంటేనే. సికి ఖాళీకి మధ్య డి, ఈ ఉన్నాయి. పైగా అవి ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల లాజికల్ డ్రైవులు. మన దగ్గర అసెంబుల్ చేసిన వేలాది సిస్టమ్‌లలో ఇదే అమరిక. నాలుగు ఎంట్రీల పరిమితి దాటడానికి ఒక ఎంట్రీని పెద్ద డబ్బాగా పెట్టి, లోపల ఎన్ని కావాలంటే అన్ని డ్రైవులు పెట్టేవాళ్లు. లోపలి ప్రతి డ్రైవుకూ ముందు చిన్న పట్టిక, అది తరవాతి డ్రైవు ఎక్కడుందో చెబుతుంది.

ఖాళీలో కొత్తగా ఎఫ్ డ్రైవ్ చేసి వదిలేయొచ్చు కదా అన్నాను. చాలామంది అదే చేసి పంపిస్తారన్నారు. కస్టమర్‌కు 633 జీబీ కొత్త డ్రైవ్ కనిపిస్తుంది, సంతోషపడతాడు, నెల తిరక్కుండా సి నిండి విండోస్ మొరాయిస్తుంది. ఇంకో ఉచ్చు కూడా ఉంది. డి, ఈ లాంటి డ్రైవులను పక్కన లేని ఖాళీతో కలపబోతే విండోస్ 7 డిస్క్‌ను "డైనమిక్"గా మారుస్తానంటుంది. సరే అని నొక్కితే లోపలి అమరికే మారిపోతుంది, రేపు మామూలు టూల్స్‌తో తీసుకోవడం కష్టం. "అక్కడ నో అనాలె సార్. తెల్వక యస్ కొట్టి మా దగ్గర్కి వస్తరు."

అందుకని పెన్‌డ్రైవ్ నుంచి జీపార్టెడ్ అనే పార్టిషన్లు మార్చే ప్రోగ్రాంతో బూట్ చేశారు. విండోస్ నడుస్తుండగా దాని కింది నేలను కదపకూడదు గనక పని బయటినుంచే జరగాలి. ఇక్కడ ఆయన మౌస్ పట్టుకునే ముందు ఒక కాగితం తీశారు. సి, డి, ఈ, డీవీడీ డ్రైవుకు ఏ అక్షరం, ఎంత సైజు, ఏ ఫోల్డర్లు, పెన్‌తో రాసుకున్నారు. కింద కొత్త లెక్క: సి 200, మిగిలింది డి, ఈలకు చెరిసగం.

పెంచేటప్పుడు బయటిది ముందు, లోపలిది తరవాత. తగ్గించేటప్పుడు లోపలిది ముందు, బయటిది తరవాత. ఈ పనికి ఇదొక్కటే సూత్రం. పార్టిషన్ పెద్దదవకుండా దానిలోని ఫైల్ సిస్టమ్ పెరగలేదు. ఫైల్ సిస్టమ్ చిన్నదవకుండా పార్టిషన్ గీత లోపలికి జరిగితే డేటా తెగిపోతుంది. జీపార్టెడ్ ఈ రెండింటినీ సరైన క్రమంలో జోడించి చేస్తుంది, లినక్స్ సర్వర్ల మీద కమాండ్లతో చేసేవాళ్లు ఆ క్రమం తామే పాటించాలి.

మానిటర్ మీద డ్రైవులు పెట్టెల్లా ఉన్నాయి. వాడిన భాగం పసుపు, ఖాళీ తెలుపు. సి పెట్టెలో తెలుపు దాదాపు లేదు. మొదట ఎక్స్‌టెండెడ్ డబ్బా కుడి అంచును డిస్క్ చివరిదాకా లాగారు. తరవాత ఈని దాని కొత్త చోటికి జరిపి పెంచారు. తరవాత డిని. అప్పుడు డబ్బా ఎడమ అంచును లోపలికి తెచ్చారు. ఇప్పుడు సి పక్కన ఖాళీ వచ్చింది. సి కుడి అంచును లాగి కలిపారు. మొదలయ్యే చోటు ప్రతిసారీ ఒక ఎంఐబీ గీతకు సరిపడేలా చూసుకున్నారు, లేకపోతే ఎస్‌ఎస్‌డీ వేగం తగ్గుతుంది. అప్పటికి జరిగిందేమీ లేదు, చేయాల్సినవి వరుసగా కింద పేర్చి ఉన్నాయంతే. ఆకుపచ్చ టిక్కు నొక్కితే పని మొదలు. నొక్కబోతే పార్టిషన్ జరపడం వల్ల సిస్టమ్ బూట్ కాకపోవచ్చన్న హెచ్చరిక వచ్చింది. ఆమె ముఖం మారింది.

ఆయన టిక్కు నొక్కకుండా ఆగి, షెల్ఫ్ నుంచి పాత హార్డ్‌డిస్క్ తీసి ఆమె చేతిలో పెట్టారు. యాంటీస్టాటిక్ కవర్లో ఉంది, కవర్ మీద తేదీ. "ఇది నీ ఒళ్లె పెట్టుకో అక్కా. దీన్ని ముట్టుకోలే, ముట్టుకోను. ఇమేజ్ ఇంకో డ్రైవ్‌ల ఉంది. ఇక్కడ ఏమైనా మల్ల మొదట్నుంచి చేస్తం." అప్పుడు నొక్కారు.

సి పెంచడం క్షణాల పని, ఎందుకంటే దాని మొదలు కదలదు, చివర మాత్రమే పెరుగుతుంది. డి, ఈ మొదలే కదిలాయి కనుక లోపలిదంతా కొత్త చోటికి రాయాలి. సమయం పట్టేది ఇక్కడే, ప్రమాదం ఉండేదీ ఇక్కడే. మధ్యలో కరెంటు పోతే పట్టికలో ఒకటి, డిస్క్ మీద ఇంకొకటి ఉండిపోతాయి. యూపీఎస్‌కు కాలు తగలనివ్వకపోవడం అందుకు.

అది నడుస్తుండగా పక్క బల్ల మీద ఓ విద్యార్థి లాప్‌టాప్ చూశాను. 256 జీబీ నుంచి 1 టీబీకి సెక్టార్‌కు సెక్టార్ కాపీ. ఇది కొత్త పద్ధతి జీపీటీ డిస్క్, పట్టిక రెండు చోట్ల ఉంటుంది: మొదట్లో ఒకటి, డిస్క్ చిట్టచివర నకలు. సెక్టార్‌కు సెక్టార్ కాపీ చేస్తే ఆ నకలు పాత డిస్క్ అయిపోయిన చోటే, అంటే కొత్త డిస్క్ మధ్యలో పడి ఉంటుంది. కుర్రాడు ముందు దాన్ని చివరికి పంపించాడు. ఇక్కడ సికి అడ్డుగా ఉన్నది రికవరీ పార్టిషన్. విండోస్ 10, 11 సాధారణంగా దాన్ని సి తరవాతే పెడతాయి. కొందరు దాన్ని ఊరికే తీసేస్తారు. నాకది సబబుగా తోచలేదు, కుర్రాడికీ అంతే. విండోస్ లేవని రోజున ఆదుకునేది అదే. 2024 జనవరిలో కేబీ5034441 అనే అప్‌డేట్ లెక్కలేనన్ని సిస్టమ్‌లలో ఎక్కకపోవడానికి కారణం కూడా ఈ పార్టిషన్‌లో చాలినంత చోటు లేకపోవడమే, మరో 250 ఎంబీ పెంచుకోమని మైక్రోసాఫ్టే చెప్పింది. అందుకే దాన్ని చివరికి జరిపి, కాస్త పెంచి, ఆ తరవాతే సిని లాగాలి. అన్నిటికన్నా ముందు డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ తీసేయాలి, 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో కస్టమర్‌ను అడిగి చూడాలి, షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయాలి. మామూలుగా ఆపితే విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ స్థితిలో ఫైల్ సిస్టమ్‌ను కదపకూడదు.

మధ్యాహ్నం దాటాక ప్రెస్ సిస్టమ్ పని ముగిసింది. పాత డిస్కులేవీ తగిలించకుండా, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితోనే ఆన్ చేశారు. ఒకే గుర్తింపు సంఖ్య ఉన్న రెండు డిస్కులు ఒకేసారి ఉంటే విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది. నల్ల తెర మీద చెక్‌డిస్క్ నడిచింది. సైజు మార్చాక అది రావడం మామూలే. డెస్క్‌టాప్ వచ్చింది. సి 200.

ఆమె ఓ పుస్తకం ఫైలు తెరవబోతే బొమ్మల లింకులు దొరకలేదంది పేజ్‌మేకర్. డి ఉండాల్సిన చోట వేరే అక్షరం ఉంది. ఎంబీఆర్ డిస్క్‌లో ఏ పార్టిషన్‌కు ఏ అక్షరమో విండోస్ గుర్తుపెట్టుకునేది డిస్క్ సంతకాన్ని, పార్టిషన్ మొదలయ్యే చోటును కలిపి. మొదలే జరిగింది కాబట్టి విండోస్ దాన్ని కొత్తదనుకుంది. పొద్దున్న రాసుకున్న కాగితం ఇప్పుడు పనికొచ్చింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరాలు మార్చి మళ్లీ తెరిస్తే ఫైలు నేరుగా తెరుచుకుంది. ఆమె పేజీలు తిప్పుతూ ఒత్తులు, వట్రసుడులు ఉన్నచోట్ల ఆగి ఆగి చూసింది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

తెలుగులో గత పాతికేళ్ల ప్రచురణలో ఎంతో భాగం ఇంకా ఇలాంటి డిస్కులలోనే, ఇలాంటి ఫైళ్లలోనే ఉంది. అదంతా యూనికోడ్‌లోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. వచ్చేదాకా వాటిని బతికిస్తున్నది ఇలాంటి షాపులే. చివరి పది శాతం పనిని వదిలేయని మనిషి చేతిలో పడితేనే అవి నిలుస్తాయి.

డబ్బులిస్తూ ఆమె అడిగింది, పాత డిస్క్ ఫార్మాట్ చేసి ఇంట్ల వాడుకోవచ్చా అని.

"అసలొద్దు. నెల రోజులు దీని మీద అన్ని పుస్తకాలు తెరిచి చూడు. విండోస్ 7 గదా, నెట్ మాత్రం పెట్టకు. పాతది బీరువాల పెట్టు, పనికి వాడకు. అది పోయే డిస్కే."

"ఇంకో సిస్టమ్ ఉంది అన్నా. అది గూడ గిట్లనే."

"ఎన్ని డ్రైవులు?"

"నాలుగు. సి నలభై."

"సప్పుడేమన్న వస్తుందా?"

"అప్పుడప్పుడు టక్ టక్ అంటది."

"అయితే ఇంటికి పోయి ఆన్ చెయ్యకు. గట్లనే పట్టుకొనిరా, రేపే."