కారు వెనక సైకిలు కట్టే ముందు



నారళీ పౌర్ణమి నాడు మార్కండేయ స్వామి రథం ముందు నడుస్తుంటే మన వాళ్లు ముగ్గురు నలుగురు నన్ను ఒకటే మాట అడిగారు. "అన్నా, నీ కారు వెనక సైకిళ్లు తగిలిస్తవు గదా, ఆ స్టాండు ఏ కంపెనీది? ఎంతకు దొరికింది?" డోళ్ల చప్పుడులో జవాబు చెప్పే వీలు లేకపోయింది. ఇంటికెళ్లి రాస్తానన్నాను. ఇదిగో రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కంపెనీ పేరు మాత్రం రాయను. మా కారుకు కుదిరింది మీ కారుకు కుదరకపోవచ్చు. ఈ మాట తెలియకనే మొదటిసారి నేను పెద్ద తప్పు చేశాను. ముందు ఆ సంగతి చెబుతాను.

నన్ను ఎరగని వాళ్ల కోసం రెండు ముక్కలు. పూర్వభాగంలో మాకు చిన్న టవళ్ల కార్ఖానా ఉంది. మా తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చాడు. నాయిన చద్దర్ల మూటలు సైకిలు వెనక కట్టుకొని దుకాణాలకు తిరిగి తిరిగి మమ్మల్ని పెంచాడు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. మాది వ్యాగన్ ఆర్ కారు. పాపకు సైకిలు పందేల పిచ్చి. పొద్దున్నే ఐదింటికి లేచి విజాపూర్ రోడ్డు మీద తొక్కి వస్తుంది. అక్కను చూసి బాబు కూడా మొదలుపెట్టాడు.

రెండేళ్ల కిందట పాపకు పుణెలో పోటీ ఉంది. సైకిలు ఎట్లా తీసుకుపోవాలా అని ఫోనులో వెతికితే బెల్టులతో కట్టే ర్యాక్ ఒకటి కనిపించింది. రెండు వేల లోపే. "అన్ని చిన్న కార్లకూ సరిపోతుంది" అని రాసి ఉంది. నేను నమ్మాను. ప్రయాణం ముందు రాత్రి వీధి లైటు కింద పది నిమిషాల్లో బిగించాను. పై కొక్కేలు డోరు రేకు మీద కాక ప్లాస్టిక్ అంచు మీద కూర్చున్నాయి. కనిపించింది కానీ పట్టించుకోలేదు. సైకిలు బరువు పదకొండు కిలోలు, అదెంత అనుకున్నాను.

తెల్లవారకముందే నలుగురం బయలుదేరాం. మోహోళ్ దాటి టెంభుర్ణి వైపు పోతున్నాం. వెనక అద్దంలో సైకిలు తప్ప ఏమీ కనిపించడం లేదు. అంతలో ఒక మోటారు సైకిలు హారన్ కొట్టుకుంటూ పక్కకు వచ్చింది. నడిపేవాడు చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు. "దాదా, సాయకల్ సుటలీ!"

పక్కకు తీసి ఆపాను. దిగి చూస్తే సైకిలు ఒకే ఒక బెల్టుకు వేలాడుతోంది. పై కొక్కెం ఒకటి జారిపోయింది, ఇంకో బెల్టు బకిల్ లోంచి ఊడి వచ్చింది. ముందు చక్రం రోడ్డుకు జానెడు ఎత్తులో ఊగుతోంది.

ఆయన కూడా బండి ఆపాడు. వెనక భార్య కూర్చొని ఉంది. ముందు పెట్రోలు ట్యాంకు మీద మూడేళ్ల పిల్లవాడు ఉన్నాడు. చాలా దూరం నుంచి సరిగ్గా మా వెనకనే వస్తున్నామని చెప్పారు. "ఇంత మంచి సైకిలు పాడైపోయేది, దేవుడు చల్లగా చూశాడు" అన్నాడు మరాఠీలో. ఆయనకు మా సైకిలు గురించి బాధ. నా కళ్లు మాత్రం ట్యాంకు మీద ఉన్న పిల్లవాడి మీద నుంచి కదలలేదు.

వాళ్లు వెళ్లిపోయారు. కనీసం పేరైనా అడగలేదు నేను. పాప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది, "నాయినా, ఆ చిన్నోని మీద పడి ఉంటే?"

మేము 60లో పోతున్నాం. అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. సైకిలు ఊడి పడితే వెనక ఉన్నవాడికి బ్రేకు మీద కాలు వేసే టైము కూడా దొరకదు.

అక్కడే ర్యాక్ విప్పేశాను. సైకిలు రెండు చక్రాలూ తీసి, వెనక సీటు మడిచి లోపల పెట్టాం. ఇక నలుగురికి చోటు లేదు. మా ఇంటావిడ, బాబు టెంభుర్ణిలో ఎర్ర బస్సు ఎక్కి పుణె వచ్చారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అందుకే మీకు నా మొదటి సలహా ఇది. ఒక సైకిలు, ఇద్దరు మనుషులు అయితే ర్యాక్ కొనకండి. చక్రం తీయడం నేర్చుకోండి, సీటు మడవండి, కింద పాత చద్దరు పరవండి. ఖర్చు లేదు, భయం లేదు.

రెండు సైకిళ్లు, ఇంటిల్లిపాదీ పోవాలంటే అప్పుడు ర్యాక్ ఆలోచన చేయాలి. నేను మూడు నెలలు చూసి చూసి రెండోది కొన్నాను. కారు పైన పెట్టేది ముందే వద్దనుకున్నాను. వ్యాగన్ ఆర్ ఎత్తే 167 సెంటీమీటర్లు దాటుతుంది. దాని మీద సైకిలు నిలబెడితే మొత్తం తొమ్మిది అడుగులకు దగ్గర పడుతుంది. ఒక్క రోజు మరిచిపోయి పార్కింగులోకి తీసుకుపోతే సైకిలూ పోతుంది, కారు పైకప్పూ పోతుంది. పైగా నా భుజం నొప్పికి సైకిలు తల మీదికి ఎత్తలేను. కారు కింద హుక్కు వేయించి దానికి తగిలించే రకం బలమైనదే. కానీ మన చిన్న కార్లకు అది కంపెనీ నుంచి రాదు. వెల్డింగు చేయించాలి. బండి రూపం మార్చే పనులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం వస్తుంది. అది కూడా వద్దనుకున్నాను. చివరికి మిగిలింది మళ్లీ బెల్టుల ర్యాకే. కానీ ఈసారి చూసి కొన్నాను.

ఏం చూశానో చెబుతాను.

మొదటిది, ర్యాక్ తయారుచేసినవాళ్లు ఏ ఏ కార్లకు కుదురుతుందో పట్టిక ఇచ్చారా లేదా. అందులో మీ కారు పేరు, మోడల్ సంవత్సరం ఉండాలి. "అన్నిటికీ సరిపోతుంది" అంటే దేనికీ కొలిచి చూడలేదని అర్థం చేసుకోండి. కొక్కేలు డోరు రేకు అంచుకు పట్టాలి. ప్లాస్టిక్ స్పాయిలర్‌కు కాదు, గాజు అంచుకు కాదు. ర్యాక్ కాళ్లు కూడా గాజు మీద కాక గట్టి రేకు మీద ఆనాలి.

రెండోది బరువు. మా ర్యాక్ పెట్టె మీద సైకిలుకు 15 కిలోలని రాసి ఉంది. పాప సైకిలు 11, పరవాలేదు. బాబు గేర్ల సైకిలు తూకం వేస్తే 16 ఉంది. సీటు, స్టాండు, నీళ్ల బాటిలు తీసేస్తే 15 లోపుకు దిగింది. కొనే ముందు సైకిలును తూకం వేయండి. మీరు ఎత్తుకొని కాటా మీద నిలబడి, తర్వాత మీ బరువు తీసేస్తే చాలు. బ్యాటరీ సైకిళ్లు చాలావరకు 20 కిలోలు దాటుతాయి. వాటిని ఇలాంటి ర్యాక్‌కు తగిలించవద్దు.

మూడోది వెడల్పు. పాప సైకిలు ఈ చివర నుంచి ఆ చివరకు 170 సెంటీమీటర్లు. మా కారు వెడల్పు 162. అటు నాలుగు, ఇటు నాలుగు బయటికి వస్తుంది. పక్క అద్దాలు అంతకంటే ఎక్కువే బయటికి ఉంటాయి కాబట్టి పరవాలేదు. ఆల్టో అయితే 149, అటూ ఇటూ పది సెంటీమీటర్లు దాటుతుంది. అప్పుడు ముందు చక్రం తీసి కారు లోపల పెట్టుకోవడం మేలు. స్విఫ్ట్ 173కు పైనే, అందులో ఇబ్బంది లేదు.

నాలుగోది లేడీస్ సైకిలు. దానికి అడ్డ కడ్డీ ఉండదు, ర్యాక్ చేతులకు ఆనడానికి చోటుండదు. సీటు నుంచి హ్యాండిల్ వరకు తగిలించే కడ్డీ విడిగా దొరుకుతుంది. అది లేకుండా వంకరగా వేలాడదీయకండి.

అయిదోది బెల్టులు. ఇందులో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, మనం దారం పనివాళ్లం. అంచు ఎట్లా నేశారు, మడత దగ్గర కుట్టు ఎన్ని వరసలు వేశారు, వేలితో లాగితే దారం వదులవుతుందా చూడండి. నైలాన్ తడిస్తే సాగుతుంది. పాలిస్టర్ అంతగా సాగదు. రెండూ ఎండకు చచ్చిపోతాయి. మన షోలాపూర్ ఎండ సంగతి మీకు తెలుసు కదా. పని అయిపోగానే ర్యాక్ విప్పి నీడలో పెట్టండి. ఏడాదంతా కారుకు తగిలించి తిరిగితే ఆ బెల్టును నమ్మకూడదు. బకిల్ పళ్లు అరిగితే బెల్టు జారుతుంది. నాది అట్లాగే జారింది. ఇప్పుడు బిగించాక మిగిలిన కొసను బకిల్ దగ్గరే ముడి వేస్తాను. జారినా ముడి ఆపుతుంది.

కొత్త ర్యాక్ వచ్చిన రోజు ఇంటి ముందు బిగించి సైకిళ్లు తగిలించాను. నాయిన అరుగు మీద కూర్చొని చూస్తున్నాడు. అంతా అయ్యాక మెల్లగా లేచి వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా సైకిలు ఫ్రేము రెండు చేతులతో పట్టుకొని ఊపాడు. సైకిలు ఊగింది. కారు ఊగలేదు.

"పనికిరాదు, మళ్ల కట్టు" అన్నాడు. "కారు ఊగాలె బిడ్డా. సైకిలు ఒక్కటే ఊగితే కట్టు వదులున్నట్టే."

చిన్నప్పుడు ఆయన చద్దర్ల మూట కట్టడం చూసేవాణ్ని. పాత ట్యూబు ముక్కలతో బిగించి, మూట పట్టుకొని ఊపేవాడు. మూటతో పాటు సైకిలు కదిలితేనే బయలుదేరేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క మూట రోడ్డు మీద పడలేదని అవ్వ చెప్పేది. ఇంట్లో ఇంత చదువు పెట్టుకొని నేను ఫోనులో రేటింగులు చూసి ర్యాక్ కొన్నాను.

మళ్లీ బిగించాను. మూడోసారికి నాయిన ఊపితే కారు మొత్తం ఊగింది. తలూపి వెళ్లి కూర్చున్నాడు.

ఇంకొక సంగతి ఆ రోజే తేలింది. సైకిలు పెడల్ సరిగ్గా నంబరు ప్లేటు మీదికి వచ్చింది. ర్యాక్ చేతులు ఒక మెట్టు పైకి లేపితే ప్లేటు కనిపించింది కానీ వెనక గాజు సగం మూసుకుపోయింది. రెండింటిలో ఏది వదులుకోవాలి? నాకు వెనక కనిపించకపోతే పక్క అద్దాలున్నాయి, నెమ్మదిగా పోవచ్చు. వెనకవాడికి నా బ్రేకు లైటు కనిపించకపోతే వాడికి వేరే దారి లేదు. అందుకే గాజు వదులుకున్నాను. చీకటి పడ్డాక బాబును ఇరవై అడుగుల వెనక నిలబెట్టి బ్రేకు నొక్కాను, రెండు ఇండికేటర్లూ వేశాను. వాడు "కనిపిస్తున్నయ్" అన్నాకనే ఆ రాత్రి నిద్రపోయాను. నంబరు ప్లేటు కప్పితే చలానా సంగతి ఎట్లాగూ ఉంది.

మిగిలినవి చిన్న చిన్నవి. సైకిళ్లను ఒకటి ఇటు తల, ఒకటి అటు తల పెట్టి తగిలించండి. మధ్యలో మన టవళ్లు చుట్టండి, రంగు గీసుకుపోదు. ముందు చక్రం తిరగకుండా ఫ్రేముకు కట్టండి. టైరు సైలెన్సరుకు ఎదురుగా రాకుండా చూడండి, వేడికి రబ్బరు పాడవుతుంది. తగిలించాక డిక్కీ తెరవడానికి రాదు, అన్నం డబ్బాలు ముందు సీటు దగ్గర పెట్టుకోండి. బయలుదేరిన పది పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆపి బెల్టులు బిగించండి. తర్వాత చాయ్‌కి ఆగిన ప్రతిసారీ చెయ్యి వేసి చూడండి. నేను 70 దాటను.

రెండో ర్యాక్‌కు మొదటి దానికి నాలుగింతలు పెట్టాను. ఎక్కువేనని మా ఇంటావిడ కూడా అన్నది. సైకిలు కోసమైతే ఎక్కువే. ఆ ట్యాంకు మీద కూర్చున్న పిల్లవాణ్ని తలుచుకుంటే ఎక్కువ అనిపించలేదు. మనం కొనేది మన సామాను కోసమే అయినా, అది ఊడితే దెబ్బ తినేది మన వెనక వచ్చేవాడు. వాడు ఎవరో మనకు తెలియదు, వాణ్ని అడిగి మనం కట్టలేదు.

పందెంలో పాప ఎన్నో నంబరు వచ్చిందని అడగొద్దు. ఆ రోజు దానికి కాళ్లు ఆడలేదు. తర్వాతి ఏడు బాగా తొక్కింది.

మన సమాజ్ వాళ్లలో ఎవరి పిల్లలకైనా పోటీలుంటే మా ర్యాక్ ఇస్తాను, పైసలు వద్దు. ఒకటే షరతు. ముందు రోజు కారు, సైకిలు రెండూ మా ఇంటికి తీసుకురండి. పట్టికలో మీ కారు ఉంటే ఇద్దరం కలిసి బిగిద్దాం, లేకపోతే చాయ్ తాగి వెళ్దురు. బిగించాక నాయిన వచ్చి ఊపి చూస్తాడు. ఆయన తలూపితేనే బండి కదలాలి.