ఫ్రిల్ మింగేసిన ఊలు

రాత్రి పదకొండింటికి సోఫాలో కూర్చుని 212 కుట్లు మూడోసారి లెక్కపెడుతున్నా.

శాలువా అయిపోయింది. అంచుకి ఫ్రిల్ ఒక్కటే బాకీ.
ప్యాటర్న్‌లో ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు: ప్రతి కుట్టులోనూ రెండేసి అల్లమని.
అల్లాను. 212 కాస్తా 424 అయ్యాయి!
వరసకో సీరియల్ ఎపిసోడ్ పడుతోంది. నాలుగు వరసలకే ఊలు ఉండ నిమ్మకాయంత అయింది.

నర్సాపురంలో అమ్మకి వీడియో కాల్ చేశా. ఆవిడది లేసు చెయ్యి, క్రోషే సూది తప్ప ఈ రెండు అల్లిక సూదులు ఎప్పుడూ పట్టలేదు. (2024లో మా ఊరి లేసుకి జీఐ ట్యాగ్ వచ్చాక ఆవిణ్ణి పట్టలేం లెండి.)

"అన్నిట్లో రెండెందుకే? ఒకటి వదిలి ఒకటి పెంచు. గౌను కుచ్చులకి గుడ్డ చాలకపోతే అలాగేగా సర్దుతాం" అంది.

విప్పేశా, మనసొప్పకపోయినా.
ఇప్పుడు 318.
ఫ్రిల్ గుబురుగా లేదు. వేగిన అప్పడం అంచులా అక్కడక్కడా వంకర తిరిగింది, అంతే. ప్యాటర్న్ బొమ్మలో ఉన్నదానికన్నా నాకిదే నచ్చింది.

విప్పిన ఊలు నూడుల్స్‌లా మెలికలు పడితే, ఆవిరి పట్టకుండా అలాగే అల్లేశా. ఉతికితే సర్దుకుంటుందా? అల్లేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.