రుద్రంగి దారిలో బొగ్గు బట్టీ
వేములవాడ నుంచి కోరుట్ల పోతుంటే, రుద్రంగి దాటాక చేను పక్కన ఓ మట్టి దిబ్బ పొగ కక్కుతూ కనిపించింది. బండి ఆపాను. బొగ్గు బట్టీ!

సర్కారు తుమ్మ మొద్దులు పేర్చి, గడ్డి పరిచి, పైన మట్టి కప్పుతారు. నిప్పు పెట్టి, గాలికి చిన్న బొక్కలే వదులుతారు. కట్టె మండొద్దు, మగ్గాలె. మట్టి పగిలి గాలి దూరిందా, మొత్తం బూడిదే. అందుకే రాత్రంతా కాపలా. తెల్ల పొగ పల్చబడి నీలంగా మారితే బొగ్గు తయారైనట్టు. 4-5 కిలోల కట్టెకు దక్కేది కిలో బొగ్గే. కెన్యాలోనూ ఇదే తుమ్మను ఇలాగే మట్టి కింద కాలుస్తారు.

"రాత్రి నిద్రుండది, పగలు దగ్గు తగ్గది తమ్మీ" అంది బట్టీ కాసే అక్క.

మన వీధి ఇస్త్రీ బండికి, తందూరీ హోటల్‌కు చేరేది ఇలాంటి బొగ్గే. ఈసారి చొక్కా ఇస్త్రీకి ఇచ్చేటప్పుడు ఆ అక్కను ఓసారి తలుచుకోండి.