మంచుమీద అడుగులు



మంచుగడ్డ యనగానే మనకు జ్ఞాపకము వచ్చునది రంపపుపొట్టు చల్లి, గోనెపట్టా చుట్టిన దిమ్మయే. పెండ్లివిందులో షర్బతునకో, చేపలగంపలకో అది మన ఊరికి వచ్చును, సాయంకాలమునకు నీరైపోవును. అట్టి మంచు పెద్ద కళ్లమువలె విశాలముగా పరచియుండగా, దానిమీద మనుష్యులు సంగీతమునకు తగినట్లు నాట్యమాడుదురని చెప్పినయెడల మీలో కొందరు నవ్వుదురేమో. నేనును నవ్వినవాడనే. ఐతే ఆ ఆట నాకొక పాఠము నేర్పెను. ఆ పాఠము నన్ను గాయపరచెను కూడ. అందుచేతనే మీకు వ్రాయుచున్నాను.

మా కుమార్తె కెనడా దేశములో నర్సుగా పనిచేయుచున్నది. ఆమె సెలవులకు వచ్చినప్పుడు, ఒక రాత్రి భోజనమైన తరువాత, 2022 ఫిబ్రవరిలో చైనా దేశపు బీజింగు నగరమున జరిగిన శీతకాలపు ఒలింపిక్ ఆటలను తన ఫోనులో చూపెను. ఈ ఆటను ఫిగర్ స్కేటింగు అందురు. ఒక యౌవనుడు మంచుమీద వేగముగా వచ్చి, గాలిలోనికి లేచి, బొంగరమువలె నాలుగుసార్లు తిరిగి, ఒంటికాలిమీద దిగెను. నేను చప్పట్లు కొట్టితిని. మరల లేచెను, మరల కొట్టితిని. మధ్యలో అతడు చేయుచున్నదంతయు నాకు ఊరక కాలక్షేపముగా తోచెను. "తరువాతి గెంతు ఎప్పుడమ్మా?" అని అడిగితిని.

ఆమె నవ్వి, "నాన్నగారూ, మీరు గెంతులే లెక్కపెడుతున్నారు. ఈసారి పాదాలు మాత్రం చూడండి" అని మొదటినుండి మరల వేసెను. తానును అక్కడ ఆ బూట్లు తొడిగి మంచుమీద నిలువబోయి, పది నిమిషములలో ఆరుసార్లు పడినదట. పడినవారికి గదా అడుగు విలువ తెలియును!

ఆ బూటు అడుగున ఉక్కుబద్ద యొకటి బిగింపబడియుండును. దాని మందము సుమారు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. దాని క్రింద సన్నని గాడి యుండుటచేత రెండు అంచులేర్పడును; ఒకటి లోపలి అంచు, మరియొకటి వెలుపలి అంచు. ముందుభాగమున కొడవలికి కక్కు కొట్టినట్లు పండ్లుండును. నేర్పరియైనవాడు తన దేహభారమును ఒక అంచుమీదికి వంచును; అప్పుడు బద్ద వంపుగీతను గీయుచు సాగును. ముందునకు, వెనుకకు, లోపలి అంచుమీద, వెలుపలి అంచుమీద, కుడికాలితో, ఎడమకాలితో, ఈలాగున ఎనిమిది విధముల సాగుట గలదు. ఒకదానినుండి మరియొకదానికి తూలకుండ, వేగము తగ్గకుండ మారుటయే అడుగుల నేర్పు. ముందునకు పోవుచున్నవాడు ఒంటికాలిమీదనే వెనుకకు తిరిగినయెడల మంచుమీద 3 అంకెవంటి గుర్తు పడును. మంచి అడుగునకు చప్పుడు తక్కువ.

గెంతును నేను తక్కువ చేయుట లేదు. 2022 సెప్టెంబరులో అమెరికాలోని లేక్ ప్లాసిడ్ అను ఊరిలో ఇలియా మాలినిన్ అను పదునేడేండ్ల యౌవనుడు గాలిలో నాలుగున్నర చుట్లు తిరిగి దిగెను. పోటీలో అంతకుముందు ఎవరును దానిని సరిగా నెరవేర్చియుండలేదు. 2022 నాటి మార్కుల పట్టికలో ఆ గెంతు మూలవిలువ 12.50. అడుగుల వరుసలోనైతే, మిక్కిలి కఠినమైన తరగతిదానికి 3.90 మాత్రమే. ప్రదర్శన కూర్పునకును, స్కేటింగు నేర్పునకును వేరే మార్కులున్నవి. అయినను ఆ పట్టిక చూచిన యౌవనుడు దేనిని ఎక్కువగా అభ్యాసము చేయునో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మనము మరియొక లెక్క వేయుదము. బీజింగులో పురుషుల పెద్ద ప్రదర్శన నాలుగు నిమిషములు, అనగా 240 సెకండ్లు. జతగా చేయునవి కూడ కలిపినను గెంతులు పదకొండుకు మించవు. ఒక్కొక్క గెంతులో మనుష్యుడు గాలిలో నుండు కాలము ఒక సెకండుకంటె తక్కువ. అన్నియు కూడినను పదకొండు సెకండ్లు కావు! మిగిలిన కాలమంతయు ఆ ఉక్కుబద్ద మంచుమీదనే యున్నది. మోకాలు మెత్తగా వంగుటయు, సంగీతము తగ్గినచోట అడుగు నెమ్మదించుటయు, అది లేచినచోట దేహమంతయు దానితోకూడ లేచుటయు అక్కడనే జరుగును. బంగారు పతకము పొందిన నేథన్ చెన్ ఆ పెద్ద ప్రదర్శనలో నాలుగు చుట్ల గెంతులు ఐదు చేసెను. అదే పోటీలో జేసన్ బ్రౌన్ అను అమెరికావాడు అట్టిది ఒక్కటియు లేకుండ ఆరవ స్థానము పొందెను. అతని పాదములను చూచినప్పుడు నేను చప్పట్లు కొట్టుట మరచి ఊరకుంటిని.

మా అమ్మాయి అంతటితో విడువక 1972వ సంవత్సరపు పాత చిత్రము నొకటి చూపెను. అది జపాను దేశపు సప్పోరో నగరమున జరిగిన ఒలింపిక్ పోటీ. పదునెనిమిదేండ్ల జానెట్ లిన్ అను అమెరికా బాలిక ఆడుచుండెను. ఆమె క్రీస్తునందు తన విశ్వాసమును దాచక చెప్పుకొనిన స్త్రీ. నాట్యమధ్యమందు, కూర్చున్నట్లు వంగి తిరుగవలసినచోట, ఆమె మంచుమీద పడిపోయెను. లోకమంతయు చూచుచుండగా పడెను. వెంటనే చిరునవ్వుతో లేచి, సంగీతమును విడువక, మిగిలిన అడుగులన్నియు అంతే సంతోషముతో నడిచెను. ఆమెకు వచ్చినది మూడవ బహుమానమైన కంచు పతకమే. ఐతే జపాను ప్రజలు ఆమెను మిక్కిలి ప్రేమించిరి. పడుట ఆమె నాట్యమును పాడుచేయలేదు. ఏలయనగా ఆ నాట్యము ఒక గెంతుమీద ఆధారపడినది కాదు.

ఆ పోటీలో బంగారు పతకము ఆస్ట్రియా దేశపు బియాట్రిక్స్ షూబాకు వచ్చెను. ఆమె జయమునకు కారణము వేరు. ఆ దినములలో నాట్యమునకు ముందు మరియొక పరీక్ష యుండెడిది. సంగీతము లేదు, గెంతులు లేవు. మంచుమీద 8 అంకెవంటి వలయములను ఒంటికాలితో గీయవలెను. గీసిన గీతమీదనే మరల మరల పోవలెను. ఆమె వెళ్లిపోయిన తరువాత న్యాయనిర్ణేతలు మంచుమీదికి దిగి, నడుములు వంచి, మిగిలియున్న గీతలను పరిశీలించెడివారు. 1990తో ప్రపంచ పోటీలలో ఆ పరీక్ష ముగిసెను. చూచువారికి అది విసుగు పుట్టించుట నిజమే. అయినను నడుము వంచి అడుగుజాడలు చూచు న్యాయాధిపతుల చిత్రము నా మనస్సును విడువలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా పాస్టరేటులో ఒక వృద్ధ ఉపదేశిగారుండిరి. ప్రసంగములో ఆయన గొంతు పైకి రాదు. ఆయన ఏర్పాటుచేసిన పెద్ద కూటములు లేవు. ఐదు పేటలకు కాలినడకను పోయి, రోగులయొద్ద కూర్చుండి, పిల్లలకు ఒక్కొక్క వాక్యము నేర్పి, చీకటి పడినతరువాత ఇల్లు చేరెడివారు. ఒక సంవత్సరము నివేదికలో ఆయన పేరునకెదురుగా, "ప్రత్యేకముగా చెప్పదగిన పని లేదు" అని నా చేతితోనే వ్రాసితిని. ఆ మాటవలన ఆ యేట ఆయన జీతము పెరుగలేదు. వేలమందితో ఉజ్జీవకూటములు జరిపిన మరియొకరిని గూర్చి అదే నివేదికలో రెండు పుటలు నింపితిని. ఆ కూటములును దేవుని పనియే. తప్పు నా కన్నులది. గాలిలోని పదకొండు సెకండ్లు చూచితిని. మంచుమీది మిగిలిన కాలమంతయు చూడనైతిని. ఆ వృద్ధుడు నన్నేమియు అడుగలేదు. మరుసటి బుధవారమున యథాప్రకారము పేటకు పోయిరి.

సహోదరులారా, యెషయా గ్రంథము నలుబదియవ అధ్యాయపు చివరి వచనము తెరచి చూడుడి. ప్రవక్త మొదట పక్షిరాజువలె ఎగురుటను గూర్చి, తరువాత పరుగును గూర్చి, కడపట నడకను గూర్చి చెప్పుచున్నాడు. సెమినరీలో చదువుకొన్న నేను ఆ రెక్కలను గూర్చి ఎన్నో ప్రసంగములు చేసితిని. ఆ కడపటి నడకయొద్ద ఒక్కసారియు ఆగలేదు. దేవాలయ శిఖరమునుండి దుముకుమని శోధకుడు మన ప్రభువును అడిగిన సంగతియు మీరెరుగుదురు. జనులు చూచి ఆశ్చర్యపడునట్టి గెంతు అది! ప్రభువు దుమకలేదు. దిగివచ్చి, గలిలయ పల్లెలలో ధూళి త్రొక్కుచు, ఇంటింటికి నడిచెను.

తెల్లవారగానే ఆ ఉపదేశిగారి యింటికి పోతిని. పని విరమించి చాల కాలమాయెను. ఆయన అరుగుమీద కూర్చుండి తెగిన చెప్పువారు కుట్టుకొనుచుండిరి. నేను ఆ నివేదిక మాట ఎత్తి, క్షమించుమని అడిగితిని. ఆయన సూది ఆపి నావైపు చూచి, "ఎప్పటి మాటండీ అయ్యగారూ అది! నాకు నడవడం తప్ప ఇంకేం వచ్చు? కాళ్లు ఆడినన్నాళ్లు నడిచాను. చూసేవాడు చూసే ఉంటాడు లెండి" అని, నేను కూర్చుండుటకు చాప వేసిరి.

పాత నివేదికను నేనిప్పుడు మార్చలేను. ఆ పోయిన జీతమును ఆ యేటికి తిరిగి తేలేను. ఈ పత్రికలో ఈ మాట వ్రాయగలను, అంతే.

ప్రియ చదువరీ, నీ సంఘములో ఆదివారమున అందరికంటె ముందు వచ్చి చాపలు పరచువారెవరు? మంచముపట్టిన అత్తగారికి ప్రతి దినము గంజి త్రాగించి, తరువాతనే ప్రార్థనకు కూర్చుండు కోడలు నీ వీధిలో లేదా? నీవు చప్పట్లు కొట్టునప్పుడు వారి పాదములను కూడ చూడుము. నీవే అట్టివాడవైనయెడల, ఎవరును చూచుట లేదని క్రుంగిపోకుము. నడుమ పడితివా? ఆ బాలికవలె లేచి మిగిలిన అడుగులు వేయుము. మన న్యాయాధిపతి ఎత్తైన ఆసనముమీదనుండి గెంతులు లెక్కించువాడు కాడు. మన మంచుమీదికి దిగివచ్చి, నడుము వంచి, మన గీతలను చూచువాడు.

ప్రభువా, ఎగురు దినమున మమ్మును గర్వమునుండి తప్పించుము. నడచు దినములన్నిటను మా పాదములను నీ త్రోవలో నిలుపుము. నీవు చూచువారిని చూడగల కన్నులు మాకిమ్ము. ఆమేన్.