ముఖం లేని స్వీయచిత్రం

స్త్రీ బొమ్మ గీసినవాళ్ళకి మన దగ్గర కొదవ లేదు. ప్రబంధ కవుల దగ్గర్నుంచి క్యాలెండర్ చిత్రకారుల దాకా ఎందరో మన కళ్ళనీ, నడుమునీ కొలిచిపెట్టారు. అదే స్త్రీ తన బొమ్మ తానే గీసుకోవాల్సి వస్తే? అందులోనూ కన్నూ ముక్కూ ఏవీ లేకుండా, కేవలం కొన్ని వస్తువులతో, రంగులతో, వాటిని అమర్చిన తీరుతో ‘ఇది నేను’ అని చెప్పాల్సి వస్తే ఏం గీస్తుంది?

కిందటేడు హనుమకొండలో మేము కొద్దిమంది మిత్రులం రాసుకున్న వ్యాసాల్ని ఒక చిన్న సంకలనంగా తెద్దామనుకున్నప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. ఫోటోల బదులు ఎవరి ప్రతీకాత్మక స్వీయచిత్రం వాళ్ళు గీసి ఇవ్వాలని ఒక మిత్రురాలు ప్రతిపాదించింది. మాలో ఒక్కరికీ బొమ్మలు వేయడం రాదు. అయినా అందరం ఒప్పుకున్నాం. ఫోటోలంటే ఎవరికీ పెద్దగా ప్రేమ లేకపోవడం అందుకు ఒక కారణం.

నా సంగతే చెప్తాను. నావి రెండు ఫోటోలు లోకంలో బాగా తిరిగాయి. ఒకటి దరఖాస్తులకి అంటించిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో. పిహెచ్.డి. అయ్యాక కాంట్రాక్టు అధ్యాపక ఉద్యోగాల కోసం ఎన్ని కాపీలు తీయించానో లెక్కలేదు. రెండోది పెళ్ళి సంబంధాల కోసం కాజీపేటలో ఒక స్టూడియోలో తీయించింది. వెనక నీలం పరదా, ఒంటి మీద పిన్ని నగలు, ప్లాస్టిక్ పూలకుండీ మీద ఆనించిన చెయ్యి. ‘కొంచెం తల దించమ్మా’ అన్నాడు ఫోటోగ్రాఫర్. ఆ ఫోటో ఐదేళ్ళు చుట్టాల ఇళ్ళన్నీ తిరిగింది. ఒకరు రంగు తక్కువన్నారు. ఒకరు చదువు ఎక్కువన్నారు. ఫోటోలో చదువు ఎక్కడ కనిపించిందో మరి! నేను ఎటు తిరిగి నిలబడాలో, వెలుగు ఎక్కడ పడాలో, దేన్ని కత్తిరించాలో రెండు ఫోటోల్లోనూ నిర్ణయించింది వేరేవాళ్ళు.

ఈ నిర్ణయాలనే చిత్రకళలో కూర్పు అంటారు. దాని సూత్రాలు ఏ డిజైన్ పుస్తకం తెరిచినా మొదటి అధ్యాయంలోనే ఉంటాయి. సమతుల్యత, నిష్పత్తి, ప్రాధాన్యం, లయ, వైరుధ్యం, ఖాళీ. చూపు మొదట దేని మీద పడాలి, ఏది పెద్దదిగా ఉండాలి, ఏది ఒక మూలకి జరగాలి, ఎక్కడ ఏమీ ఉండకూడదు? చదువుతుంటే ఇవి బొమ్మల సూత్రాల్లా కాక ఇంటి సూత్రాల్లా అనిపించాయి నాకు. ఇంట్లో ఎవరిది పెద్ద కుర్చీ, ఎవరి పని మధ్యలో ఉంటుంది, ఎవరు అంచుకి జరుగుతారు అన్నవి కూడా కూర్పే కదా! అవి ఎప్పుడో ఎవరో గీసిపెట్టిన గీతలు కాబట్టి మనకు సహజంగా కనిపిస్తాయి, అంతే.

ముఖం లేకుండా మనిషిని గీయడం కొత్త సంగతేమీ కాదు. 1888లో వాన్ గో తన కుర్చీని గీశాడు. నాసిరకం గడ్డి అల్లిన కుర్చీ మీద ఒక పైపు, పొగాకు. అదే రోజుల్లో గోగాన్ కుర్చీని కూడా గీసి, దాని మీద కొవ్వొత్తినీ, పుస్తకాల్నీ పెట్టాడు. రెండు కుర్చీల్లోనూ మనుషులు లేరు. ఇద్దరు మనుషుల తేడా మాత్రం తెలిసిపోతుంది. నన్ను ఇంకా పట్టుకున్నది ఫ్రిదా కాలో 1933లో వేసిన ‘నా దుస్తులు అక్కడ వేలాడుతున్నాయి’ చిత్రం. తన ముఖాన్ని అన్నిసార్లు గీసుకున్న మనిషి, ఇందులో తనను పూర్తిగా తీసేసింది. న్యూయార్క్ ఆకాశహర్మ్యాల నడుమ ఒక నీలం రిబ్బను. దానికి ఒక పక్క టాయిలెట్, మరో పక్క బంగారు ట్రోఫీ. మధ్యలో ఆమె కట్టుకునే మెక్సికన్ దుస్తులు, లోపల మనిషి లేకుండా వేలాడుతుంటాయి. భర్త రివేరా అమెరికాలో ఉండాలనుకున్న రోజులవి. ఆమె మనసు మెక్సికో మీద ఉంది. ‘నేను ఇక్కడ లేను’ అని చెప్పడానికి ఆమె ఎంచుకున్న పద్ధతి ఆ ఖాళీ దుస్తులు.

ఫ్రిదా దాకా ఎందుకు, కాజీపేటలో బస్సెక్కితే గంటలోపు చేరే వరంగల్ కోటలోనే ఇలాంటి సందర్భం ఒకటుంది. పదమూడో శతాబ్దంలో కాకతీయ సింహాసనం ఎక్కిన రుద్రమదేవిని శాసనాలు చాలాచోట్ల ‘రుద్రదేవ మహారాజు’ అన్నాయి. రాజ్యం చేయాలంటే మగపేరు కావాల్సివచ్చింది. కానీ కోట మధ్యలోని స్వయంభూ దేవాలయ శిథిలాల్లో దొరికిన శిల్పంలో కత్తీ డాలూ పట్టి సింహాన్ని ఎక్కిన స్త్రీ ఉంది. ఏనుగు తొండం కూడా కనిపిస్తుంది. ‘రాయగజకేసరి’ అన్న కాకతీయ బిరుదుకి, అంటే శత్రురాజులనే ఏనుగులకు సింహం అన్న మాటకి, అది రూపమనీ, ఆ స్త్రీ రుద్రమేననీ చరిత్రకారులు అంటారు. దాన్ని స్వీయచిత్రం అనడం నా చదువు మాత్రమే. ఉలి పట్టింది ఎవరో శిల్పి. అయినా అక్షరంలో మహారాజుగా ఉండాల్సివచ్చిన మనిషి రాతిలో మాత్రం స్త్రీగా నిలబడిందన్న సంగతి నన్ను వదలదు. పదాలు ఒప్పుకోనిదాన్ని ప్రతీక ఒప్పుకుంటుందేమో!

ఇక డిజైన్ మనకు రాదనుకోవడం. అదీ ఒక నేర్పించిన అజ్ఞానమే. వాకిట్లో చుక్కలు పెట్టి, ఏ చుక్కనూ వదలకుండా గీతను తిప్పి మొదటికి తెచ్చే ఆడవాళ్ళకు సౌష్ఠవం గురించి ఎవరు పాఠం చెప్పాలి? బతుకమ్మను పేర్చడం చూడండి. అడుగు వెడల్పుగా లేకపోతే నిలవదు. తంగేడు పసుపు పక్కన రంగుల్లో అద్దిన గునుగు పెడితేనే వరుస తేలుతుంది. పైకి పోయేకొద్దీ వలయం చిన్నదవ్వాలి. చూపు చివరికి గౌరమ్మ దగ్గర ఆగాలి. సమతుల్యత, వైరుధ్యం, లయ, ప్రాధాన్యం అన్నీ అందులో ఉన్నాయి. తెల్లారేసరికి చెరిగిపోయేవీ, సాయంత్రానికి చెరువులో కలిసేవీ కాబట్టి వాటి కింద ఎవరి సంతకమూ లేదు.

నా బొమ్మకి కూర్చున్నప్పుడు మొదట తోచినవన్నీ అరువు ప్రతీకలే. దీపం, పంజరంలో చిలుక, విరిగిన గాజులు, కలం. మన కవిత్వం ఎన్నోసార్లు వాడిన ఆ ప్రతీకలు ఎవరి బొమ్మకైనా సరిపోతాయి. అందుకే నాకు సరిపోలేదు. వాటిని కొట్టేసి, నా చేతికి రోజూ తగిలేవి ఏవని ఆలోచించాను.

మా నాన్న రైలు డ్రైవరు. కాజీపేట నుంచి పట్టాలు మూడు దిక్కులకు పోతాయి. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ. చిన్నప్పుడు ఆ మూడు పేర్లతోనే నాకు ప్రపంచం. కాబట్టి కాగితానికి ఎడమ పక్కన మూడు పట్టాలు గీశాను. కింద మూలన, గోరంత, స్టూడియో నీలం పరదా. అది లేనట్టు నటించడం నాకిష్టం లేదు, కానీ దాని సైజు ఇకనుంచీ అంతే. రెక్సిన్ అట్ట వేసిన నా సిద్ధాంత గ్రంథాన్ని ఒక పక్కకి పెట్టాను. అన్నిటికన్నా పెద్దదిగా ఒక తాళంచెవి గీశాను.

ఆ తాళంచెవి నేను ఒంటరిగా ఉంటున్న ఒంటిగది పోర్షనుది. మూడేళ్ళ కిందట దాన్ని సంపాదించడానికి పదకొండు ఇళ్ళు తిరిగాను. ‘ఎవరెవరుంటారు?’ అని అడిగేవాళ్ళు. ‘నేనొక్కదాన్నే’ అంటే అడ్వాన్సు మాట అక్కడే ఆగిపోయేది. డాక్టరేటు కన్నా ఈ రెండంగుళాల ఇనుప ముక్క కష్టంగా దొరికింది నాకు. నిష్పత్తి అంటే వస్తువు అసలు కొలత కాదు, దానికి మనం కట్టిన ధర అని అప్పుడు అర్థమైంది.

కాగితం కుడి సగం మొత్తం ఖాళీగా వదిలేశాను. దాని గురించే గొడవంతా. సంకలనం మిత్రులు చూసి, ‘ఇక్కడ ఇంకేమైనా వస్తుందా?’ అన్నారు. ‘ఒంటరితనాన్ని బాగా పట్టుకున్నావు’ అని ఇంకొకరు మెచ్చుకున్నారు. స్త్రీవాదం చదివిన, రాసిన స్నేహితులు వాళ్ళు. వాళ్ళు కూడా ఆ ఖాళీలో రావాల్సిన మొగుణ్ణీ, పుట్టాల్సిన పిల్లల్నీ చూశారు! పెళ్ళికాని ఆడమనిషి చుట్టూ ఉన్న చోటు మనందరికీ లోటుగానే కనిపిస్తుందా? డిజైన్‌లో ఖాళీ అంటే మర్చిపోయిన చోటు కాదు. అక్కడ ఏమీ పెట్టకూడదని తీసుకున్న నిర్ణయం. అది ఉంటేనే పక్కనున్న తాళంచెవి తాళంచెవిగా కనిపిస్తుంది. బొమ్మను మార్చమన్న సలహాను నేను ఒప్పుకోలేదు.

మా అమ్మను కూడా గీయమన్నాను. ‘నేను గీసుడేంది బిడ్డా, నాకేం బొమ్మ?’ అంది. కాసేపటికి పెన్సిల్ తీసుకుని కాగితం నిండా ఒకే ఒక్క వస్తువు గీసింది. మూడు గిన్నెల టిఫిన్ క్యారియరు. రైల్వే కాలనీలో ఉన్నన్నాళ్ళూ కాల్‌బాయ్ ఏ అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టినా, నాన్న డ్యూటీకి దిగేలోపు అది నిండాలి. ఆమె నిద్ర, పండగలు, ఒంట్లో బాగుండటం, బాగుండకపోవడం అన్నీ దాని చుట్టూనే తిరిగాయి. ఆ గిన్నెల్లో ఏ ఒక్కటీ ఆమె తినడానికి సర్దింది కాదు. ఆమె కాగితంలో ఖాళీ లేదు. తర్వాత నా బొమ్మను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. మిత్రులడిగిన ప్రశ్నే అడుగుతుందనుకున్నాను. కుడి సగం మీద అరచెయ్యి పెట్టి, ‘ఇక్కడ మంచిగ గాలాడుతది’ అంది.

ఈ పని అయ్యాక నా పరిశోధన చదువు కూడా కొంత మారింది. స్త్రీల ఆత్మకథల్లో ఏం చెప్పారన్నదే ఇన్నాళ్ళూ వెతికాను. ఇప్పుడు దేనికి ఎంత చోటిచ్చారని కూడా చూస్తున్నాను. భర్త బదిలీలకు పేజీలకు పేజీలు, తన మొదటి కథకు ఒక్క వాక్యం. ఈ నిష్పత్తి ఎవరు నేర్పింది? 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఎందుకంత ముఖ్యమైందో ఇప్పుడు ఇంకో విధంగా అర్థమవుతోంది. తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర అంచుల్లోకి నెట్టిన స్త్రీలను ఆ పుస్తకం కాగితం మధ్యకి తెచ్చి, వాళ్ళ మాటకి వాళ్ళడిగినంత చోటిచ్చింది. అదీ ఒక కూర్పే.

మీరూ ఒక తెల్ల కాగితం తీసుకోండి. బొమ్మలు రాకపోతే నష్టం లేదు, చతురస్రాలూ వృత్తాలూ చాలు. ఏది మధ్యలో పెడతారో, దేన్ని మూలకి నెడతారో చూసుకోండి. ఖాళీ వదలబోయినప్పుడు చెయ్యి వెనకాడితే, ఆ భయం ఎవరిదో కాసేపు ఆలోచించండి.